బావ ఇచ్చిన మానిటర్, నేను పెట్టిన ఫ్లెక్సీ

నిన్న ఆదివారం మార్కాపురం పోయి మా బావ ముందర ఎట్ల నిలబడి వచ్చినానో చెప్తా, టీ తాగుతూ వినండి. నవ్వొస్తే నవ్వండి, నేనేం అనుకోను. నాకు మాత్రం మూడు నెలలుగా నోరు చేదుగానే ఉంది.

కంభం బస్టాండు దగ్గర నాదొక నెట్ సెంటర్. సెంటరంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక లామినేషన్ మిషను. ఆధార్ ప్రింట్లు, హాల్ టికెట్లు, పొలం కాగితాల కాపీలు, సీజన్లో పెళ్లి కార్డులు, ఫ్లెక్సీ డిజైన్లు. నాలుగు నెలల కింద నా పాత మానిటర్, ఆ చదరపు డబ్బా, ఉన్నట్టుండి నల్లబడిపోయింది. మా అక్క మొగుడు కేశవులు బావకు మార్కాపురంలో కంప్యూటర్ షాపుంది. ఫోన్ చేసి ఏడిస్తే, "ఏడవమాకురా తిరపతీ, నా కాడ ఒకటుంది, తీసుకపో" అని ఇరవై రెండంగుళాల మానిటర్ చేతిలో పెట్టినాడు.

తెచ్చి తగిలించి సెట్టింగ్ పెట్టినా. మొదటి రోజు అద్దంలా ఉంది. రెండో రోజు పొద్దున ఆన్ చేస్తే అక్షరాలు ఇంతింత లావు! బొమ్మలన్నీ అడ్డంగా సాగినాయి. సరే, రైట్ క్లిక్ కొట్టి, డిస్‌ప్లే సెట్టింగ్స్ లోకి పోయి, రెజల్యూషన్ 1920 బై 1080 పెట్టి, 'కీప్ చేంజెస్' నొక్కినా. బాగైంది. మూడో రోజు పొద్దున మళ్లీ లావు. మళ్లీ పెట్టినా. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. మళ్లీ లావు! కంభంలో కరెంటు సంగతి తెలుసు గదా, రోజుకు ఎన్నిసార్లు పెట్టాలి?

ఒక పెద్దమ్మ ఆధార్ ప్రింటుకొచ్చి స్క్రీన్ మీద తన ఫొటో చూసి అదిరిపోయింది.

"ఓరి నాయనో! నా మొగం ఇంత ఎడల్పుందేందిరా?"

"ఆధార్ ఫొటో ఎవరికి బాగుంటది పెద్దమ్మా" అని సర్దేసినా.

సాయంత్రం బావకు ఫోన్ కొట్టినా. "బావా, నీ మానిటర్‌కు మతిమరుపుంది. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి మర్చిపోతాంది."

"గుర్తు పెట్టుకునేది మానిటర్ కాదురా, సీపీయూ. సీపీయూ తీసుకరా, చూస్తా."

నేను వింటే గదా! మానిటర్‌నే దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకొని బస్సెక్కినా. బావ దాన్ని తన షాపులో కంప్యూటర్‌కు తగిలించి నా కళ్ల ముందర నాలుగుసార్లు ఆపి ఆన్ చేసినాడు. నాలుగుసార్లూ సెట్టింగ్ కదల్లా.

"చూసినావా? బాగానే ఉంది. నీ సీపీయూలో ఏదో ఉంది, తీసుకరా."

"నా సీపీయూకు ఏ రోగం లేదు బావా. మూడేళ్లయింది, ఒక్క ఐకాన్ గూడ అటుది ఇటు జరగలా."

నిజంగానే జరగలా. అది అప్పుడే నాకు అనుమానం రావాల్సిన సంగతి. రాలా. పైగా సీపీయూ ఎత్తుకపోతే షాపు మూయాల్సి వస్తది, అప్లికేషన్ల సీజను. ఇదంతా బావకు చెప్పకుండా మూతి ముడుచుకొని వచ్చేసినా. ఆ రోజు నుంచి సెట్టింగ్ పెట్టడం మానేసినా. లావుగా ఉంటే ఉండనీ అని అట్లనే పని చేసుకుంటా పోయినా. నాలుగు రోజుల్లో కళ్లు అలవాటు పడినాయి. స్క్రీన్ సాగిందన్న సంగతే మర్చిపోయినా.

సరిగ్గా అప్పుడొచ్చింది మా మేనకోడలు లావణ్య ఓణీల ఫంక్షన్.

ఓణీ పెట్టేది మేనమామ. ఒక్కగానొక్క మేనమామను నేను. "ఓణీ ఒక్కటే కాదు, ఫంక్షన్ హాల్ గేటు కాడ ఫ్లెక్సీ గూడ నాదే. ఇంకెవరికీ పని చెప్పమాకండి, డిజైన్ నేనే చేస్తా" అని అక్కకు గొప్పగా చెప్పినా. బావ తన ఫోన్లోంచి ఫొటోలు పంపినాడు. స్క్రీన్ మీద తెరిస్తే లావణ్య చెక్కిళ్లు పూరీల మాదిరి ఉబ్బినాయి. అక్క, బావ, నేను, అందరం అట్లనే ఉన్నాం. "ఈయన మానిటర్‌కే మతిమరుపనుకుంటే ఈయన ఫోన్ కెమెరాకు గూడ ఏదో రోగముంది" అని నవ్వుకొని, అన్ని ఫొటోలూ కలిపి పట్టుకొని పక్కల నుంచి లోపలికి నొక్కినా. మొహాలు ముద్దుగా కనపడేదాకా నొక్కినా. ఎంత బాగా కుదిరిందో! ఫైలు మార్కాపురంలో ఫ్లెక్సీ కొట్టేవాళ్లకు పంపి, "తెల్లారేసరికి గేటుకు కట్టేయండి" అని చెప్పినా.

ఫంక్షన్ రోజు పొద్దున నేనూ మా ఆవిడా ఆటో దిగినాం. ఆమె చేతిలో పూలు, నా చేతిలో ఓణీ పళ్లెం. తలెత్తి గేటు వైపు చూసినా.

అమ్మో!

పన్నెండడుగుల ఫ్లెక్సీ. దాని మీద మా వంశమంతా ములక్కాడలు! లావణ్యకు చెక్కిళ్లే లేవు. మా అక్క గడ్డం మెడ దాకా సాగింది. నా బొజ్జ మాయమైంది, అదొక్కటే లాభం. సాగిన స్క్రీన్ మీద చూసి నేను లోపలికి నొక్కిందంతా, ప్రింటులోకి వచ్చేసరికి నిజంగానే నొక్కుకపోయింది.

గేటు కాడ ఇద్దరు ముసలోళ్లు చూస్తా ఉన్నారు. ఒకామె అడుగుతాంది, "పిల్లకు జ్వరమొచ్చి లేచిందా ఏంది, ఇట్ల చిక్కిపోయింది?"

లోపలికి పోతే లావణ్య రూమ్‌లో తలుపేసుకొని ఏడుస్తాంది. ఫ్రెండ్స్ అప్పటికే ఫొటో తీసి స్టేటస్ పెట్టేసినారంట. మా అక్క నన్ను చూసి తల అటు తిప్పుకుంది. బావే వచ్చి నా భుజం మీద చెయ్యేసినాడు.

"ఏందిరా తిరపతీ, మమ్మల్నందర్నీ ఒడియాల మాదిరి ఎండబెట్టినావు?"

చుట్టూ ఉన్నోళ్లు గొల్లున నవ్వినారు. బావ నన్ను కాపాడదామనే అన్నాడు. నవ్వులో పడితే తేలికైపోతుందని. ఇప్పుడు తెలుస్తాంది. అప్పుడు నాకు ఒళ్లు మండింది.

"నన్నెందుకంటావు బావా? నువ్విచ్చిన మానిటర్ అట్లాంటిది! షాపులో అమ్ముడుపోని డొక్కు సరుకు సొంత బామ్మర్దికి అంటగట్టినావు. ఇంక బయటోళ్లకు ఎట్లాంటివి అమ్ముతాండావో!"

నవ్వులు ఆగిపోయినాయి. మైకులో పాట మాత్రం నడుస్తాంది. బావ నా భుజం మీద చెయ్యి మెల్లగా తీసేసినాడు.

"సరేలేరా. ముందు ఓణీ ఇయ్యి, పిల్ల తలుపు తీసి చూస్తాంది" అన్నాడు.

ఆ మానిటర్ ఆయన నాకు ఊరికే ఇచ్చినాడండీ. రూపాయి తీసుకోలా. ఆ సంగతి నాకు మాట నోట్లోంచి పడినాక గుర్తొచ్చింది. అయినా గుర్తు రానట్టే మొహం పెట్టుకొని ఓణీ పెట్టి, అక్షింతలేసి, భోజనం చేసి వచ్చినా. పంక్తిలో బావే వడ్డించినాడు. నా ఆకు కాడికొచ్చి పప్పేసి, నా మొహం చూడకుండా పక్కాకుకు పోయినాడు.

మాట హాల్లో ఆగుతుందా? పది రోజులకు మా అక్క ఫోన్ చేసింది. బావ కాడ కంప్యూటర్ కొందామనుకున్న చుట్టాలు రెండిళ్లోళ్లు ఒంగోలు పోయి తెచ్చుకున్నారంట. "సొంత బామ్మర్దే అన్నాడు గదా అంటాన్నారు రా" అని, అంతే చెప్పి పెట్టేసింది.

నేను మారినానా? లేదు! ఇంకో ఫ్లెక్సీ అట్ల కాకుండా రోజూ పొద్దున సెట్టింగ్ పెట్టడం మళ్లీ మొదలుపెట్టినా. పెట్టిన ప్రతిసారీ బావను ఒక మాట అనుకున్నా.

మొన్న గురువారం గిద్దలూరులో కంప్యూటర్ పాఠాలు చెప్పే మేడమ్ ఒకామె బస్సు కోసం ఆగి, ఏదో సర్టిఫికెట్ లామినేషన్‌కు నా షాపుకొచ్చింది. నేను అప్పుడే కంప్యూటర్ ఆన్ చేసి సెట్టింగ్ మారుస్తున్నా.

"ఇది రోజూ చేస్తారా అండీ?"

"మానిటర్ మంచిది కాదు మేడమ్. మా బావ ఇచ్చినాడు" అన్నా. చూడండి, ముక్కూ మొహం తెలియని మనిషికి గూడ!

ఆమె స్క్రీన్ కింద మూల వైపు వేలు పెట్టింది. "ఈ గుర్తు దేనిది?"

నాకు హుషారొచ్చింది. "అదా మేడమ్! అది నా తెలివి. నేను టీకి పోతే పిల్లకాయలొచ్చి వాల్‌పేపర్లు మార్చేవాళ్లు, ఏవేవో గేములు ఎక్కించేవాళ్లు. అందుకని దర్శి నుంచి ఒకాయన్ను పిలిపించి ఈ లాక్ సాఫ్ట్‌వేర్ ఏయించినా. ఇంక ఎవరు ఏం మార్చినా సరే, ఒక్కసారి ఆపి ఆన్ చేసినామంటే, ముందు ఎట్లుందో అట్లకు వచ్చేయాల్సిందే!"

"ఎవరు మార్చినా?"

"ఎవరు మార్చినా!"

ఆమె నా వైపే చూస్తా ఉంది. నా మాట నా చెవిలోకి నిదానంగా పోయింది. చదరపు మానిటర్ ఉన్న రోజుల్లో తాళం వేసినా. ఆ కంప్యూటర్‌కు రోజూ పొద్దున ఆ పాత మానిటర్ కొలతే గుర్తు. సెట్టింగ్‌ను నిలవకుండా చేసింది బావ మానిటర్ కాదు, నా తాళం. ఎవరినీ నమ్మకుండా నేనే వేసిన తాళం.

పాస్‌వర్డ్ కొట్టి, లాక్ తీసి, సెట్టింగ్ పెట్టి, మళ్లీ లాక్ వేసినాం. రెండు నిమిషాలు గూడ పట్టలా. ఆపి ఆన్ చేస్తే అట్లనే ఉంది. ఆమె బస్సెక్కి పోయింది. నేను ఆ రోజు షాపు పెందలాడే కట్టేసినా.

అట్ల నిన్న మార్కాపురం పోయినా. బావ ఎవరిదో సీపీయూ విప్పి పెట్టుకున్నాడు. నన్ను చూసి కుర్చీ జరిపి, షాపుకొచ్చినోళ్లకు తెప్పించినట్టు టీ తెప్పించినాడు. ఎప్పుడూ నా గ్లాసులో సగం ఆయన తాగేవాడు. నేను తాళం సంగతి మొదటి నుంచీ చెప్పినా, ఒక్క ముక్క దాచలా. మేడమ్ ముందర కోసిన గొప్పలు గూడ చెప్పినా. అక్కడ కొంచెం నవ్వినాడు గూడ. నాకు ప్రాణం లేచొచ్చింది.

"తప్పంతా నాదే బావా. ఆ రోజు అన్న మాట మర్చిపో."

బావ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి నన్ను చూసినాడు. కోపంగా గూడ చూడలా.

"ఆపి ఆన్ చేస్తే అన్నీ చెరిగిపోయే సాఫ్ట్‌వేర్ నీ కంప్యూటర్‌లో ఉందేమో తిరపతీ. నాకు లేదురా" అని మళ్లీ పనిలో పడినాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గడప కాడే నిలబడి ఉంది. "కేశవులు అన్నయ్య ఏమన్నాడు?"

"సెట్టింగ్ నిలబడిందా అని అడిగినాడు" అని అబద్ధం చెప్పినా.

"నిలబడిందా మరి?"

"నిలబడింది" అన్నా. "ఇంక ఎవరు ఏం చేసినా పోదు."