తల తిరుగుతుందా అని అడగని వారం

మా ఆయనకు తల తిరగడం మొదలైనప్పుడు మేము న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ నగరంలోని శాండ్రింగ్‌హామ్‌లో ఉండేవాళ్ళం. 2015 ప్రాంతం. ఆయన ఆఫీసు ఊరికి ఆ చివర, ఆల్బనీలో. ఒకరోజు బస్సు దిగుతుంటే కాళ్ళ కింద నేల ఊగిందట. ఆ తర్వాత సూపర్ మార్కెట్లో, మీటింగుల్లో, చివరికి సోఫాలో కూర్చున్నా ఊగేది. చెవి డాక్టరు చూశాడు, తలకు స్కాన్ తీశారు, రక్తపరీక్షలు చేశారు. అన్నీ నార్మల్. ఇంకొకరైతే కొబ్బరికాయ కొట్టేవారు. ఈయన మాత్రం ఫెయిలైన పిల్లాడిలా ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చారు.

మా ఫ్యామిలీ డాక్టరు సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళమనడంతో అసలు గొడవ మొదలైంది.

"అంటే నేను యాక్టింగ్ చేస్తున్ననా? నాకేమన్న పిచ్చి లేసిందా?"

"తిరుగుడు నిజమే అని డాక్టరమ్మనే చెప్పింది కదా. భయానికి ఒళ్ళు ఊకె అలర్ట్ అయితుందంట. పోయి మాట్లాడి రాండ్రి."

"ఏం మాట్లాడాలె?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన "ఊ", "ఆ", "చూద్దాం" అనే మాటలతోనే కాపురం నెట్టుకొచ్చారు. అలాంటి మనిషిని మాటలతో నయం చేస్తారంటే నాకే నవ్వొచ్చింది.

మొదటిసారి వెళ్ళొచ్చాక ఎలా జరిగిందని ఆత్రంగా అడిగాను.

"మంచిగనే ఉంది. ఆమె చానాసేపు సప్పుడు చెయ్యలే. నేను గూడ చెయ్యలే," అన్నారు తృప్తిగా.

కొన్నాళ్ళకు ఆ సైకాలజిస్టు నన్నూ రమ్మంది. నెరిసిన పొట్టి జుట్టు, తీరిగ్గా నవ్వే న్యూజిలాండ్ ఆవిడ. ఆయనకు తల తిరిగితే నేనేం చేస్తానని అడిగింది. ఇక నేను అందుకున్నాను. కారు నేనే నడుపుతాననీ, ఒంటరిగా షాపుకు పంపననీ, బాత్రూం తలుపు గడియ పెట్టనివ్వననీ, గంటగంటకూ "తిరుగుతుందా?" అని అడుగుతాననీ, ఆఫీసుకు ఫోన్ చేసి మరీ అడుగుతాననీ చెప్పాను. అక్కడి నుంచి మా ఆడపడుచు కబుర్లలోకి వెళ్ళిపోయాను. ఆయన గోడమీది బొమ్మను చూస్తూ కూర్చున్నారు. టైం అయిపోయింది.

మేం లేవబోతుంటే ఆవిడ మెల్లగా చెప్పింది. నేను అడిగిన ప్రతిసారీ ఆయన ధ్యాస తల మీదికే పోతుందట. ఒక్క వారం అడగకుండా ఉండి చూడమంది.

ఆ వారం నా అవస్థ చెప్పలేను. నోటిదాకా వచ్చిన ప్రశ్నను "చాయ్ తాగుతరా?" అని మార్చేదాన్ని. ఆయన తొందరగానే కనిపెట్టేశారు.

"పొద్దటిసంది చాయ్ మీద చాయ్ పోస్తున్నవ్. అడగాలనుంటే అడుగు, పర్వాలే," అన్నారు.

నేను అడగలేదు. ఇంకో చాయ్ పెట్టాను.

శనివారం కిరాణా షాపుకు తానొక్కరే నడిచి వెళ్తానన్నారు. సైకాలజిస్టు ఇచ్చిన హోంవర్కట. దారిలో తల తిరిగితే వెనక్కి రాకుండా, కాసేపు ఆగి మళ్ళీ నడవాలి. నేను కిటికీ పరదా కాస్త పక్కకు జరిపి నిలబడ్డాను. చాలాసేపటికి, కందిపప్పుకు బదులు శనగపప్పుతో వచ్చారు.

"దార్ల ఒకసారి ఊగింది. ఎవరిదో ఫెన్స్ పట్టుకొని నిలవడ్డ. పోయింది," అన్నారు, అడగకుండానే.

నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. పప్పు సంగతి మర్నాడు ఎత్తాను.

తల తిరగడం పూర్తిగా పోలేదు. అప్పుడప్పుడూ వచ్చి వెళ్తుంది. కానీ ఆయన మళ్ళీ కారు నడుపుతున్నారు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని. ఆ మరుసటేడు ఒక స్నేహితుడు, నడుం నొప్పికి ఏ స్కాన్‌లోనూ కారణం దొరకక, దిగులుగా మా ఇంటికొచ్చాడు. ఈయన ఎన్నడూ లేనంతసేపు అతనితో మాట్లాడారు. చివరి మాటలు వంటింట్లోకి వినిపించాయి.

"నొప్పి అబద్ధమని ఆ సైకాలజిస్టులు అనరు అన్నా. పోయి మాట్లాడు. వదినెను మాత్రం తోల్కపోకు, నీకు టైం మిగల్దు."