కాక ఆపిన సంతకం

మా పక్క క్వార్టర్లో ఉండే కాక గత వారం చనిపోయాడని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఇవాళ యూనివర్సిటీలో నేను చెప్పే పాఠాలకు మొదటి గురువు ఆయనే. ఆయనేమో పదో తరగతి గడప తొక్కలేదు.

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో మా గోడకు ఆనుకునే వాళ్లిల్లు. సికింద్రాబాద్ స్టేషన్లో బండి ఆగగానే చక్రాలను సుత్తితో కొట్టి, మోత విని, పగులు ఉందో లేదో చెప్పడం ఆయన ఉద్యోగం. ఇంటి దగ్గరా అదే వరస. పుచ్చకాయ తెమ్మని పంపితే బండి మీదున్నవన్నీ తట్టి, ఒక్కటీ నచ్చక ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు.

కంప్యూటర్ సైన్స్ చివరి ఏడాదిలో నేను ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ ప్రాజెక్టు తీసుకున్నాను. పనిలో ఆరితేరిన ఒక మనిషి తెలివిని 'ఇలా ఉంటే ఇలా' అనే సూత్రాలుగా రాసి కంప్యూటరుకు ఎక్కించాలి. అలాంటి మనిషి గోడవతలే ఉండగా నాకేం దిగులు? నెల రోజులు కాక చెబుతుంటే రాసుకున్నాను. కంగుమంటే మంచి చక్రం, బొంగురుగా మోగితే పగులు. నా ప్రోగ్రాం ఏది అడిగినా టక్కున జవాబిచ్చేది. అప్పుడు నా పొగరు చూడాలి!

గడువుకు నాలుగు రోజులుందనగా, చూసి ఒప్పుకున్నట్టు రికార్డులో సంతకం పెట్టించుకోవడానికి కాకను కాలేజీ ల్యాబుకు తీసుకెళ్లాను.

"చక్రానికి బురద పట్టి, మోత అటూ ఇటూ గాకుంటే ఏమంటది?" అని అడిగాడు.

అదే టైపు చేసి మీట నొక్కాను. మంచి చక్రమే అంది ప్రోగ్రాం.

"దానికి తెల్వకుంటే ఏం జెప్తది బిడ్డా?"

"ఏదో ఒకటి చెప్తది కాకా."

"గట్లయితే నేను సంతకం పెట్ట. బండి నిండ మంది ఉంటరు."

నాకు ఒళ్లు మండిపోయింది. సంతకం లేకపోతే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే ఏడాది పోయినట్టే. తిరుగు బస్సులో ఆయనకు దూరంగా పోయి కూర్చున్నాను. దిగే ముందు ఆయనే దగ్గరికొచ్చి అన్నాడు: "చెవికి అబద్ధం రాదు బిడ్డా. నోటికే తొందర."

మూడు రోజులు కూర్చుని అంతా విప్పి మళ్లీ రాశాను. ఆధారం చాలనప్పుడు 'తెలియదు, మనిషిని పిలవండి' అనడం దానికి నేర్పాను. కాక మళ్లీ బురద ప్రశ్నే వేశాడు. జవాబు నాతో రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టాడు.

వైవాలో పరీక్షకుడు నవ్వాడు. "తెలియదని చెప్పడానికి కంప్యూటర్ ఎందుకమ్మా?"

"ఆ బండిలో మీరుంటే ఏ జవాబు కావాలంటారు సార్?" అన్నాను. ఆయన నవ్వు ఆపి, నా రికార్డును మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు.

గట్టెక్కానని చెప్పడానికి తిన్నగా స్టేషన్‌కు వెళ్లాను. బండి కదలాల్సిన వేళ దాటిపోయింది. కాక ఒక చక్రాన్ని రెండోసారి కొట్టి, తల వంచి వింటున్నాడు.

"ఏందన్నా, పోనియ్యాల్నా వద్దా?" గార్డు పరేషాన్‌గా అరిచాడు.

"నాకింకా తెల్వలే. జెర ఆగు" అంటూ కాక చెయ్యి పైకెత్తాడు. ఆ చెయ్యి దిగేదాకా అంత పెద్ద బండీ కదల్లేదు.