నూకాలు బండి బోల్టు

కరోనా బందులు తీసేసిన తర్వాతి వానాకాలంలో నౌపడ దగ్గర మా షెడ్డులో నేను బ్రేకు మేస్త్రిని. షెడ్డు మా ఆయన పెట్టింది. పని నేర్పిందీ ఆయనే. ఆయన పోయాక ఇంజను పని మా మరిది కామయ్య చూసుకునేవాడు, చక్రాల లోపలి పని నాది. ఆడమనిషి మేస్త్రి ఏటని నవ్వినవాళ్ళ బండ్లు కూడా చివరికి నా దగ్గరికే వచ్చేవి. బిగుసుకుపోయిన బోల్టు దగ్గర కూర్చునే ఓపిక ఆ రోడ్డు మీద ఇంకెవరికీ లేదు.

ఓపిక అని ఎందుకంటున్నానంటే, అలాంటి బోల్టు దగ్గర బలం పనికిరాదు. మా వైపు గాలిలోనే ఉప్పుంది. ఉప్పు మడుల పక్కన తిరిగే బండికి బోల్టు మర చుట్లలో తుప్పు పట్టి, బోల్టూ దాని చుట్టూ ఉన్న ఇనుమూ ఒకటైపోతాయి. ముందు తీగ బ్రష్షుతో మర కనబడేదాకా రుద్దాలి. తుప్పు వదిలించే నూనె వేసి, అది లోపలికి దిగేదాకా ముట్టుకోకూడదు. తర్వాత తల మీద సుత్తితో చిన్న దెబ్బలు వెయ్యాలి. ఆరు మూలల సాకెట్టే పెట్టాలి, వేరేది పెడితే తల అరిగి గుండ్రమైపోతుంది. మొదట బిగించే వైపు ఒక్క పిసరు కదిపి, అప్పుడు విప్పాలి. అప్పటికీ రానంటే రబ్బర్లూ బ్రేకు గొట్టమూ తీసి దూరంగా పెట్టి, గ్యాసు మంటతో చుట్టూ ఉన్న ఇనుముని కాల్చాలి. బోల్టుని కాదు. చుట్టూ ఉన్నది వేడికి వదులైతే బోల్టు దానంతటదే దారికొస్తుంది.

నూకాలుది చేపల వ్యాపారం. పాత వేనొకటి కొని ఒడ్డు నుంచి టెక్కలికి చేపల పెట్టెలు పంపేది. కొడుకు తోలేవాడు. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు బ్రేకు నొక్కినప్పుడల్లా ముందుకు జారి ముందు చక్రాల మీద కారేవి. బోల్టులు తుప్పు పడుతున్నాయని ఆమె మొగుడు ఒక పని చేశాడు. పడవ మేకులకు పూసే గుగ్గిలం నూనెలో కాచి బ్రేకు బోల్టులకు దట్టంగా పట్టించాడు. పడవ మేకు చల్లని నీళ్ళలో ఉంటుంది. బ్రేకు కాలుతుంది. కాలి కాలి ఆ గుగ్గిలం రాయైపోయింది.

బ్రేకు నొక్కితే బండి ఒక పక్కకు లాగుతోందని ఒక పొద్దున్న నూకాలు వచ్చింది. చక్రం విప్పి చూశాను. బ్రేకు దిమ్మలు పట్టుకునే చట్రాన్ని చక్రాన్ని మోసే నకిల్ అనే పోత ఇనుము ముక్కకి రెండు బోల్టులు పట్టి ఉంచుతాయి. రెండూ గుగ్గిలంలో పాతుకుపోయి ఉన్నాయి. నూనె వేశాను. సాయంత్రం దాకా ఎవరూ ముట్టుకోవద్దని కామయ్యకు చెప్పి, కొత్త దిమ్మల కోసం టెక్కలి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి కింది బోల్టు తల నేల మీద పడి ఉంది. నూకాలు తొందర చేసిందట, కామయ్య స్పానరుకి పైపు తగిలించి దాని మీద ఒరిగాడట. విరిగిన ముక్కకి డ్రిల్లు వేసి, దాన్ని బయటికి లాగడానికి ఎదురు మర ఉన్న పిన్ను లోపలికి తిప్పాడట. అదీ లోపలే విరిగింది. ఇది మా పనిలో అన్నిటికన్నా చెడ్డ సంగతి. ఆ పిన్నుది డ్రిల్లు కన్నా గట్టి ఉక్కు. ఇంక దాన్ని తొలిచే దారి మా దగ్గర లేదు.

నకిల్ మార్చాలన్నాను. విజయనగరం పాత సామాన్ల దుకాణంలో దొరుకుతుంది, రేపు సాయంత్రానికి బండి ఇస్తానని చెప్పాను. కామయ్య ఒప్పుకోలేదు. పై బోల్టు గట్టిగానే ఉంది, కింద చట్రాన్ని నకిల్‌కి వెల్డింగు పెట్టేస్తే సరిపోతుందన్నాడు. అది పోత ఇనుము, వెల్డింగు పక్కనే పగులుతుందన్నాను.

"వంకర మేకు సరిసేసి మళ్ళీ కొట్టే మనిషివి, నకిల్ మార్సమని నువ్వంటన్నావేటి వదినా" అన్నాడు.

"మేకుకి పటం ఏలాడతాది కామయ్యా. దీనికి మనుషులు ఏలాడతారు."

మర్నాడు తెల్లారి పడవలొస్తాయి, బండి లేకపోతే చేపలన్నీ ఒడ్డునే కుళ్ళిపోతాయని నూకాలు బాధ. "పడవలో సగం మేకులు ఊడినా సేపల ఏట ఆగదప్పా" అంది.

"పడవ ఆగకపోయినా పర్లేదు నూకాలూ. బండి ఆగాల."

ఆమె నా మొహం చూడకుండా కామయ్యతో అంది, "ఈవిడ మొగుడుండుంటే ఒక్క మాటతో పంపేసుండేవోడు."

ఆయన పంపడు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ అది చెప్పడానికి ఆయన లేడు. నా మాట ఒక్కటీ చాలలేదు.

విప్పిన చక్రాన్ని దొర్లించుకుపోయి షెడ్డు లోపల పడేసి దాని మీద కూర్చున్నాను. చక్రం లేకుండా ఎలా తీసుకెళ్తారో చూద్దామనుకున్నాను. కామయ్య స్టెప్నీ దింపాడు. పక్క కొట్టు నుంచి వెల్డింగు వాడిని పిలిచి అతుకు పెట్టించి, చల్లారడానికి దాని మీద చెంబుడు నీళ్ళు పోశాడు. కాలిన పోత ఇనుము మీద నీళ్ళు పొయ్యకూడదని నేర్చుకునే రోజుల్లోనే చెప్తారు. కామయ్యకీ మా ఆయనే చెప్పాడు. స్టెప్నీ బిగించి బండి పంపేశాడు.

బండి వెళ్ళింది. వచ్చింది. ఆ వానాకాలమంతా తిరిగింది, ఆ తర్వాతా తిరిగింది. ఏమీ కాలేదు.

కాకపోవడమే నా కొంప ముంచింది. ముసిలిది ఉత్త పుణ్యానికి బండి ఆపేస్తుందని రోడ్డంతా అనుకున్నారు. కామయ్య ఎదురుగా సొంత షెడ్డు పెట్టాడు. చేపల బండ్లన్నీ అటే ఆగేవి. వాడు తొందరగా పంపే మేస్త్రి. నూనె వేసి కూర్చునే మనిషి దగ్గరికి ఎవరొస్తారు. తర్వాతి ఎండాకాలానికి షెడ్డుకి తాళం వేసేశాను.

నూకాలు ఇప్పటికీ ఆ బండిలో మా వీధినే పోతుంది. కిటికీలోంచి తల బయట పెట్టి, "అప్పా, నీ బోల్టు బాగున్నాది" అంటుంది. నేను ఆమెను చూడను, కింద చక్రాన్ని చూస్తాను.

ఈ పనిలో నాకు తెలిసిందిది. విరిగింది చూపిస్తే అందరూ నమ్ముతారు, విరగబోయేది ఎవరికీ చూపించలేం. అది తెలిసే బండి ఆపాలి. ఆపితే బేరం పోతుంది, పోనివ్వాలి. పడవ గుగ్గిలం మాత్రం బ్రేకు దగ్గరికి రానివ్వకండి.

ఆనాడు నేను కూర్చున్న చక్రం ఇంకా నా దగ్గరే ఉంది. ఆ బండి స్టెప్నీ లేకుండానే తిరుగుతోంది. టైరు ఊరికే పాడైపోతోందని నాకూ కష్టంగానే ఉంది. అయినా నకిల్ మార్చి, కొత్త బోల్టు వేసుకుని వస్తేనే ఇస్తాను.