పచ్చికట్టెతో చెక్కిన మెడ

మహబూబాబాద్‌లో మా నాయినకు వడ్రంగి దుకాణం ఉండేది. తలుపులు, మంచాలు, నాగళ్లు చేసేవాళ్లం. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం చల్లబడిన కొన్నేళ్లకు, బడిలో పాటలు నేర్పే టీచరమ్మ ఒకామె మెడ విరిగిన గిటార్ పట్టుకొని వచ్చింది. కోస్తా మనిషి.

"ఇలాంటిదే కొత్త మెడ చెక్కగలరా అండీ?" అని అడిగింది.

"మనకు తెల్వని పని, వద్దు బిడ్డా" అన్నాడు నాయిన నాతో. నేను పట్టుదలకు పోయి ఒప్పుకున్నాను.

మా పక్కనున్న గూడూరు నుంచి వచ్చిన టేకు దుంగ కోసి పది రోజులు కూడా కాలేదు. ఇంకా పచ్చిగా ఉందని నాకు తెలుసు. ఎండేదాకా ఆగే ఓపిక లేకపోయింది.

నాలుగు రోజులు చెక్కాను. ముందు బాడిసతో, తర్వాత ఆకురాయితో, చివరికి గాజుపెంకుతో. కొంచెం గీకడం, కళ్లు మూసుకొని ఎడమచెయ్యి దాని మీద జరపడం, బొటనవేలికి ఎక్కడ గట్టు తగిలితే అక్కడ మళ్లీ గీకడం. పాత మెడ మీద తీగల కింద అడ్డంగా ఉన్న సన్నని కమ్మీలు పీకి దీనికి దిగ్గొట్టి, గిటార్‌కు బిగించాను.

"నా చేతికి భలే కుదిరిందండీ!" అని టీచరమ్మ మురిసిపోయింది.

రెండు నెలలకు మళ్లీ వచ్చింది. చెక్క ఎండేకొద్దీ మెడ వంగి తీగలు పైకి లేచాయి. నొక్కి నొక్కి ఆమె వేళ్ల కొసలు పుండ్లయ్యాయి.

"కిటికీ దగ్గర పెట్టేదాన్ని. ఎండ తగిలి ఇలా అయిందంటారా?"

ఊరికాని ఊరి మనిషి, ఈమెకేం తెలుస్తుందిలే అనుకున్నాను. "ఔనమ్మా, ఎండకే గిట్లయింది. జర జాగ్రత్తగ చూస్కోవాలె" అన్నాను.

"క్షమించండి. మీ కష్టమంతా పాడు చేశాను" అని గిటార్ నా దగ్గరే వదిలి వెళ్లింది.

నాయిన అన్నీ విన్నాడు. "పచ్చికట్టె పెట్టింది నువ్వు. తప్పేమో ఆ తల్లి మీద ఏస్తివి. కొత్తది చేసియ్యి. చేసిచ్చి, ఉన్నమాట చెప్పు."

పాత దర్వాజ నుంచి తీసిన, బాగా ఎండిన టేకుతో ఇంకో మెడ చెక్కాను. అది పూర్తయ్యేసరికి ఆమెకు భూపాలపల్లికి బదిలీ అయింది. గిటార్ ఒళ్లో పెట్టుకొని బస్సులో వెళ్లాను. చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా కూడబలుక్కున్నాను.

ఆమె బడి వరండాలో పిల్లల ముందు వాయించి చూసింది. తీగలు చక్కగా పలికాయి. నేను నోరు తెరిచేలోపే పిల్లల వైపు తిరిగింది.

"నేను అజాగ్రత్తగా ఎండలో పెట్టి పాడు చేస్తే, ఈయన మళ్లీ చేసిచ్చారు. మీరెవరూ నాలా చేయకండి."

పిల్లలు నన్ను చూసి చప్పట్లు కొట్టారు. నేను దండం పెట్టి వచ్చేశాను.

ఇంటికి రాగానే నాయిన అడిగాడు. "చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నది?"

"ఏమనలే. నవ్వింది."

"మంచిపని చేసినవ్" అని నాయిన నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీసేదాకా నేను తల ఎత్తలేదు.