ఉడకబెట్టిన ట్యూబు

ప్రొఫెసరమ్మ ఎవరినీ నమ్మేది కాదు. కూరగాయలు తూచేవాడి చేతి మీంచి చూపు తిప్పేది కాదు. ఒక డాక్టరు మాత్ర రాస్తే ఇంకో డాక్టర్ని అడిగి గానీ మింగేది కాదు. ల్యాబ్‌లో తన నీళ్ళ సీసా మూత కాస్త వదులుగా కనిపిస్తే చాలు, ఆ నీళ్ళు పారబోసి కొత్తవి పట్టుకునేది. తోటివాళ్ళు చాటున ఆమెను అనుమానాలమ్మ అని పిలుచుకునేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ పేరు పెట్టింది ఎవరై ఉంటారా అని దాని మీద కూడా ఆమెకు ఒక అనుమానం ఉండేది.

అలాంటి మనిషికి తగ్గ చదువే దొరికింది. మన ఒంట్లోని తెల్ల రక్తకణాల్లో ఒక రకం పెద్ద కణాలున్నాయి. ఎదురైన ప్రతిదాన్నీ తడిమి ఇది మనదా పరాయిదా అని తేల్చుకోవడమే వాటి పని. పరాయిదనిపిస్తే మింగేస్తాయి, తోటి కణాలను కేకేసి పిలుస్తాయి. ఆ గోలకే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాచిపోతుంది. కొందరిలో శత్రువంటూ ఎవరూ లేకపోయినా గోల ఆగదు, సొంత కీళ్ళే వాచిపోతాయి. చదువుకునే రోజుల్లో ఆ కణాలను మొదటిసారి మైక్రోస్కోపులో చూసి, వీళ్ళెవరో మావాళ్ళలాగే ఉన్నారే అనుకుందట.

ముప్పై ఏళ్ళు నిండకముందే ఆమె ఒక ప్రొటీన్‌ను పట్టుకుంది. వాచిన కీళ్ళలో అది ఎక్కువగా కనిపించేది. దాన్ని బాక్టీరియాల చేత తయారు చేయించి, కడిగి శుభ్రం చేసి, పెద్ద కణాల మీద వేస్తే అవి రెచ్చిపోయేవి. ఎంత రెచ్చిపోయాయో తెలియడానికి చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకలో పరీక్ష చేస్తారు. ఎంత గోల ఉంటే గుంటలో నీళ్ళు అంత చిక్కటి పసుపు రంగుకు తిరుగుతాయి. ఆమె గుంటలు ఎప్పుడూ పసుప్పచ్చగా మెరిసేవి. ఆ రంగే ఆమెకు ఉద్యోగమూ పేరూ కిటికీ ఉన్న గదీ సంపాదించి పెట్టింది.

ఇన్నేళ్ళకు ఆ ప్రొటీన్ నోరు నొక్కే మందును ఒక కంపెనీ తయారు చేసింది. త్వరలో రోగులకు ఇచ్చి చూడబోతున్నారు. ఆ మొదటి విడతలో ఆమె అక్క కూడా ఉంది. అక్క దర్జీ. వేళ్ళ కణుపులు వాచి సూదిలో దారం ఎక్కించలేక మిషను మీద గుడ్డ కప్పేసింది. కొత్త మందు మొదలుపెట్టాలంటే ఇప్పుడు వాడుతున్నవి ఆపేయాలి. ఆ పాత మందులే ఆమెను ఎలాగో నెట్టుకొస్తున్నాయి. అయినా అక్క సంతోషంగా ఒప్పుకుంది. చెల్లెలి మందు కదా.

సరిగ్గా అప్పుడే ల్యాబ్‌లో చేరిన కొత్త పరిశోధకురాలొకామె అదే ప్రొటీన్‌ను బాక్టీరియాలు కాకుండా జంతు కణాల చేత చేయించింది. ఆమె గుంటలు తెల్లటి నీళ్ళలా ఉండిపోయాయి. మళ్ళీ చేసినా అంతే.

ఇక ప్రొఫెసరమ్మకు కంటి మీద కునుకు లేదు. ఈ పిల్లను ఎవరు పంపారు? తనకు పోటీగా ఉన్న ఫలానా ఆయన దగ్గరే కదా ఇంతకుముందు పని చేసింది? సరిగ్గా మందు బయటికి వచ్చే వేళకే ఎందుకు చేరింది? ఫోను రాగానే వరండాలోకి ఎందుకు వెళ్తుంది? కళ్ళల్లో ఒత్తులు వేసుకుని కాపలా కాసింది. ఆమె లేనప్పుడు ఫ్రిజ్ తెరిచి ఆమె సీసాలు వాసన చూసింది. ఏమీ దొరకలేదు. ఏమీ దొరక్కపోవడం ఇంకా పెద్ద అనుమానమైపోయింది.

చివరికి ఒక ఉపాయం తోచింది. బాగా వేడి తగిలితే ప్రొటీన్ చచ్చిపోతుంది, దానికి ఇక ఏ శక్తీ ఉండదు. తన సొంత నిల్వలోంచి రెండు ట్యూబులు తీసి, ఒకదాన్ని తలుపు వేసుకుని ఉడకబెట్టింది. రెండింటికీ ఒకే రకం మూతలు పెట్టి, ఇవి నేను చేసినవి, వీటితో చూడమని ఇచ్చింది. నిజంగా పని చేసే మనిషైతే ఒకటి పచ్చగానూ ఒకటి తెల్లగానూ రావాలి. రెండూ తెల్లగా వచ్చాయంటే చెడగొడుతోందన్నమాట. రెండూ పచ్చగా వచ్చాయంటే పరీక్ష చేయకుండా తన మెప్పు కోసం అబద్ధమాడుతోందన్నమాట.

రెండూ పచ్చగానే వచ్చాయని కొత్తామె సంబరంగా చెప్పింది. మీవి పని చేస్తున్నాయి, నావే ఎందుకో పని చేయట్లేదు అని నొచ్చుకుంది కూడా. ప్రొఫెసరమ్మ మొహంలో నవ్వు పోకుండా చూసుకుని, దొరికిపోయావు అనుకుంది.

ఆమెను పంపేయడానికి ముందు రుజువు చేతిలో ఉండాలని ఆ ట్యూబుల్లో మిగిలినదానితో తనే పరీక్షకు కూర్చుంది. రెండూ పచ్చగానే వచ్చాయి.

అప్పుడు ట్యూబుల్ని అనుమానించింది, పారేసి కొత్తవి తెచ్చింది. నీళ్ళను అనుమానించింది. వేడిచేసే దిమ్మను అనుమానించి, దాని మీద థర్మామీటరు పెట్టి, ఆ థర్మామీటర్ని కూడా అనుమానించింది. ఎన్నిసార్లు ఉడకబెట్టినా గుంటలు పచ్చగానే తిరిగాయి. ఇక అనుమానించడానికి ఏమీ మిగల్లేదు, ప్రొటీన్ ఒక్కటి తప్ప. కణాల్ని రెచ్చగొట్టింది అది కాదు. దాన్ని తయారు చేసిన బాక్టీరియాల గోడల మడ్డి. ఎంత కడిగినా కాస్త మిగిలిపోయింది. ఎంత ఉడికించినా అది చావదు. జంతు కణాలకు ఆ గోడలుండవు, అందుకే కొత్తామె గుంటలు తెల్లగా ఉండిపోయాయి. ఉడకబెట్టి చూశారా అని, తన దగ్గరికి పరిశీలనకు వచ్చిన ఎంతమంది వ్యాసాలను ఆమె తిప్పి పంపిందో లెక్కే లేదు. తనది మాత్రం ఒక్కసారీ ఉడకబెట్టలేదు.

కొత్తామెను పిలిచి జరిగిందంతా చెప్పింది, తలుపు వేసుకున్న సంగతితో సహా.

"నాకు చెప్పి ఉంటే నేనే ఉడకబెట్టేదాన్ని కదా మేడమ్," అంది కొత్తామె.

ప్రొఫెసరమ్మ, మొత్తం పరీక్ష మళ్ళీ మొదటినుంచీ నువ్వే చెయ్యి, నేను ఆ గదిలోకి కూడా రాను అంది. అన్నట్టే వెళ్ళలేదు. వరండాలో పచార్లు చేసింది గానీ తలుపు అద్దంలోంచి కూడా తొంగి చూడలేదు. ఫలితం మారలేదు. ఆ సాయంత్రమే కంపెనీకి ఫోను చేసి రోగుల మీద పరీక్షలు ఆపమంది. అంత తొందరేముంది, ఇంకోసారి ఆలోచించండి అన్నారు వాళ్ళు తీయగా. ఆ తీపి ఆమెకు నచ్చలేదు. ప్రొటీన్ గురించి తను రాసిందంతా తప్పని రేపే ప్రకటిస్తానని చెప్పి పెట్టేసింది. పేరు పోతుందని తెలుసు. అంతకంటే అక్క ముఖం ఎలా చూడాలన్నదే భయం.

ఆమె వెళ్ళేసరికి అక్క మంచం మీద కూర్చుని వేళ్ళను గోరువెచ్చని నీళ్ళలో ముంచుకుని ఉంది. మందు రాదని చెల్లెలు చెప్పింది. ఎందుకు రాదో కూడా దాచకుండా చెప్పింది. అక్క నీళ్ళలోంచి చేతులు తీయలేదు.

"నిజం చెప్పు. మందు పనికిరాదా, నాకు ఇవ్వడానికి నీకు భయమా?"

"పనికిరాదక్కా."

"నీకు చిన్నప్పటినుంచీ ప్రతిదాని మీదా అనుమానమే. ఇదీ అలాంటిదేమో. నాలుగు రోజులు పోతే మళ్ళీ పని చేస్తుందంటావు. ఈలోగా నా చోటు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు."

అక్క తనను అలా అనుమానంగా చూడటం చెల్లెలు ఎప్పుడూ ఎరగదు.

"ఈసారి నేను చెయ్యలేదక్కా. ల్యాబ్‌లో కొత్తగా వచ్చిన అమ్మాయి చేసింది. నేను పక్కన కూడా లేను. ఆ అమ్మాయి చెప్పింది నేను నమ్మాను."

"నువ్వా?"

"నేనే."

అక్క వాచిన వేళ్ళను నీళ్ళలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వే ఇంకొకళ్ళని నమ్మావంటే ఇక అది నిజమేనే," అని గోడవైపు తిరిగి ఏడ్చింది.