దొంగ ట్యూన్ అన్న మాట

కళ్ల ఆసుపత్రిలో రిసెప్షన్ బల్ల వెనక కూర్చునే ఆమెను ఇంటా బయటా అందరూ లౌడ్‌స్పీకర్ అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది అత్తగారు. కొత్త కోడలు వంటింట్లో మాట్లాడితే వీధి చివరి మందుల షాపుదాకా వినిపిస్తోందని ఒకరోజు విసుక్కుంటూ అన్నారు, అది అలాగే అతుక్కుపోయింది. కోడలు ఏమీ నొచ్చుకోలేదు. పైగా మూడేళ్ల కిందట మరిదితో కలిసి పాడ్‌కాస్ట్ మొదలుపెట్టినప్పుడు దానికి ఆ పేరే పెట్టింది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి, గంటసేపు, లైవ్. జిరాక్స్ షాపు పైనున్న ఓ అద్దె స్టూడియో. గోడలకు బూడిదరంగు స్పాంజి, బల్ల మీద మూడు మైకులు, మూలన మరిది కీబోర్డు, అద్దానికి అవతల స్టూడియో ఓనరు. వారమంతా కళ్లలో చుక్కల మందు వేయించుకున్న వాళ్లతో "రెప్పలు మూసుకోండి, పది నిమిషాలే" అని నెమ్మదిగా చెప్పే మనిషి, ఆ గదిలో అడుగుపెట్టగానే పూనకం వచ్చినట్టు మారిపోయేది. సినిమాలు, సీరియళ్లు, హీరోల విగ్గులు, హీరోయిన్ల ఏడుపులు, దేన్నీ వదిలేది కాదు. వచ్చిన అతిథిని కడుపుబ్బ నవ్వించి, మధ్యమధ్య మరిది చేత పాటలు వాయించి, గంట ఎలా గడిచిందో తెలియకుండా చేసేది.

అన్నిట్లోకీ జనానికి నచ్చింది 'ఉతుకుడు'. ఎవరికీ గుర్తులేని ఓ పాత పాటను పట్టుకుని పల్లవి నుంచి చివరి చరణందాకా ఉతికి ఆరేసేది. మొదలుపెట్టిన రెండో నెలలో, ఒకే ఒక్క సినిమాకు సంగీతం చేసి కనుమరుగైన మనిషి పాట ఆమె చేతికి చిక్కింది. దాన్ని ముక్కుతో పాడి చూపించింది. చివర్లో, "అయినా పాపం, ఆయన్ని అని ఏం లాభం? అది ఆయన ట్యూన్ కాదుగా! ఎక్కడో కొట్టేసిన దొంగ ట్యూన్. దొంగకేం తెలుసు సరుకు మంచిదో కాదో!" అంది. ఆ ముక్క ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కు పాకి లక్షల మంది చెవిన పడింది. లౌడ్‌స్పీకర్ అంటే ఎవరో లోకానికి తెలిసింది దానితోనే. అప్పట్నుంచీ ప్రోగ్రాం మొదలయ్యే ముందు అదే మోగేది: "దొంగకేం తెలుసు సరుకు!" వెంటనే డోలు దెబ్బ.

నూటయాభయ్యో ఎపిసోడ్‌కు పది రోజుల ముందు ఒక మెయిల్ వచ్చింది.

"మీరు ఉతికిన ఆ పాట చేసింది నేనే. మీ కార్యక్రమానికి రావాలని ఉంది. లైవ్ అయితేనే వస్తాను."

మరిది ఎగిరి గంతేశాడు. "వదినా, వెతుక్కుంటూ వెళ్లినా ఇలాంటి గెస్ట్ దొరకడు! నూటయాభైకి ఇంతకన్నా ఏం కావాలి?"

"లైవ్ అయితేనే అని ఎందుకన్నాడంటావ్?"

"పెద్దాయన కదా, అదో సరదా."

ఆమెకు సరదాగా అనిపించలేదు. ఆ రెండు ముక్కలు చెప్పులో రాయిలా పది రోజులూ ఆమెతోనే నడిచాయి. ఆసుపత్రిలో ఒకరి చీటీ ఇంకొకరికి ఇచ్చి డాక్టరు చేత చీవాట్లు తింది.

ఆదివారం ఆయన ఇరవై నిమిషాల ముందే వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చంకలో ఓ పాత ఫైలు. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమె మంచినీళ్లిచ్చి, నవ్వు తెచ్చిపెట్టుకుంది.

"మాస్టారూ, నన్ను కొట్టడానికైతే రాలేదు కదా?"

"లేదమ్మా. మాట్లాడ్డానికే."

ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఆమెకు ఇంకా భయం వేసింది. కేకలేసే మనిషైతే ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు.

నాలుగయింది. ఎర్ర దీపం వెలిగింది. అప్పుడు గుర్తొచ్చింది, మొదట్లో మోగే ఆ ముక్కను ఇవాళ్టికి తీసెయ్యమని మరిదికి చెప్పనేలేదని. చెయ్యి ఎత్తేలోపే మోగింది. "దొంగకేం తెలుసు సరుకు!" చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎదురుగా కూర్చున్న మాస్టారు ఆ మాటా విన్నాడు, వెంటనే పడ్డ డోలు దెబ్బా విన్నాడు. రెప్ప కూడా వెయ్యలేదు.

కానీ మొదటి పావుగంటా ఆమె భయపడ్డట్టు జరగలేదు. మాస్టారు ఆమెను మించిపోయాడు. "ఆ పాట బాగోదమ్మా, నాకు తెలియదా? రికార్డింగ్ రోజున పాడినావిడే వచ్చి, మాస్టారూ, ఇది నిజంగానే పాడాలా అనడిగింది," అన్నాడు. "హాల్లో నా పాట రాగానే జనం లేచేవాళ్లు. చప్పట్లకనుకున్నా. టీకి." మరిది పగలబడి నవ్వాడు. స్క్రీన్ మీద కామెంట్లు వరద కట్టాయి. అద్దం అవతల ఓనరు బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆమె ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు ఆయన ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒక్క సంగతి అడుగుతానమ్మా. పాట బాగోలేదన్నారు, ఒప్పుకున్నాను. దొంగ ట్యూన్ అన్నారు. ఏ పాట నుంచి దొంగిలించాను?"

"అయ్యో మాస్టారూ, అదేదో సరదాకి..."

"సరదాకే, కాదనను. ఏ పాట నుంచి?"

ఓనరు అద్దం అవతల లేచి నిలబడ్డాడు. ఆమె ఫోన్ వెలిగింది, ఓనరు మెసేజ్. "తప్పు ఒప్పుకోవద్దు. కేసవుతుంది. పాట వేసెయ్యండి." మరిది వేళ్లు అప్పటికే కీబోర్డు మీద ఉన్నాయి. ఆమె ఊ అంటే చాలు.

ఆమె నోరు దానికి తెలిసిన దారే పట్టింది. "ఉన్నవే ఏడు స్వరాలు కదండీ! ఆ మాటకొస్తే పాట కట్టిన ప్రతివాడూ దొంగే!"

స్క్రీన్ నిండా నవ్వు మొహాలు. మాస్టారు నవ్వలేదు. కోప్పడలేదు. చేతులు ఫైలు మీద పెట్టుకుని ఆమెనే చూస్తూ కూర్చున్నాడు, జవాబు ఇంకా రాలేదన్నట్టు.

లైవ్‌లో మూడు సెకన్ల మౌనమే చాలా ఎక్కువ. అయిదు దాటాయి. పది దాటాయి. "ఆగిపోయిందా?" "సౌండ్ రావట్లేదు" అని కామెంట్లు. ఓనరు గాజు మీద వేలితో టకటకా కొడుతున్నాడు. ఆమెకు మూడేళ్ల కిందటి ఆ రోజు కళ్లకు కట్టింది. లైవ్ అయ్యాక మరిది అడిగాడు, "వదినా, దొంగ ట్యూన్ అన్నావు, నిజమేనా?" అని. "ఎవడు చూడొచ్చాడ్రా, బాగా పేలింది, ఉండనీ," అని తనే అంది.

ఇరవై రెండో సెకనులో ఆమె మరిది వైపు అరచెయ్యి చూపించింది, వాయించొద్దని.

"ఎక్కణ్నుంచీ కాదు మాస్టారూ," అంది. ఆ గదిలో అంత చిన్న గొంతుతో ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. "నేను కల్పించాను. అలాంటి పాట ఇంకొకటి నేను వినలేదు, వెతకలేదు. నోటికొచ్చింది, అనేశాను. జనం నవ్వారు, ఉంచేశాను. మూడేళ్లుగా ప్రతి ఆదివారం మోగిస్తూనే ఉన్నాను."

"నా పేరుతో ఒక్కసారి చెప్తారా?"

ఇంటిపేరుతో సహా ఆయన పూర్తి పేరు పలికి, ఆ ట్యూన్ ఆయన సొంతమనీ, తను అన్నది అబద్ధమనీ చెప్పింది. ఓనరు తల పట్టుకుని కూర్చున్నాడు.

మాస్టారు ఫైలు తెరిచాడు. పసుపెక్కిన కాగితాల మీద స్వరాలు. రాసినవి, కొట్టేసినవి, పైన మళ్లీ రాసినవి. పదకొండు రోజుల తేదీలు. ఆమె ఒక్కో కాగితం తిప్పుతూ, వినేవాళ్లకు కనపడదు కనుక, ఏ గీత ఎక్కడుందో వర్ణించి చెప్పింది.

ఆయన పందొమ్మిదేళ్లుగా ఓ బడిలో సంగీతం నేర్పుతున్నాడు. రెండేళ్ల కిందట వార్షికోత్సవంలో పిల్లల చేత తన సొంత పాట పాడించాడు. ఆఖరి వరసలోంచి ఎవరో, "ఇదెక్కడ కొట్టేశారు మాస్టారూ?" అని అరిచారు. హాలంతా నవ్వింది. మర్నాడే పిల్లల పాటల బృందాన్ని ఆయన దగ్గర్నుంచి తీసి వేరే టీచరుకు అప్పగించారు.

"అప్పుడే నాకు ఫోన్ చెయ్యాల్సింది కదండీ," అందామె. కంట తడి దాచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"చేస్తే ఏం చేసేవారు? నాకు సారీ చెప్పేవారు. నాకు చెప్పి ఏం లాభమమ్మా? నేను దొంగను కానని నాకు తెలుసుగా."

మరిది మెల్లగా, "మాస్టారూ, ఆ పాట ఒక్కసారి వాయించమంటారా?" అనడిగాడు.

"వద్దు బాబూ. దొంగతనం పోయింది గానీ, పాటేం బాగుపడలేదు."

ముగ్గురూ నవ్వారు.

ఎర్ర దీపం ఆరగానే ఓనరు లోపలికొచ్చి, "ప్రోగ్రాం పీక మీరే నొక్కేశారు మేడం. వచ్చేవారం నుంచి వేరే చోటు చూసుకోండి," అన్నాడు. ఆమె మాస్టారు వెనకే కిందికి దిగి, జిరాక్స్ షాపు ముందు చేతులు జోడించింది. "క్షమించండి."

ఆయన ఫైలు చంకలోకి సర్దుకున్నాడు. "అంతదాకా ఇంకా రాలేదమ్మా. చెప్పారు. ఇవాళ్టికి అది చాలు."

ఇంటికెళ్లేసరికి అత్తగారు వరండాలో ఉన్నారు. కోడలి ప్రోగ్రాం గోలని ఎప్పుడూ విసుక్కునే మనిషి. "మధ్యలో మాట ఆగిపోతే ఫోన్ పాడయిందేమోనని రెండుసార్లు తట్టి చూశాను," అన్నారు. తర్వాత కోడలి మొహంలోకి చూసి, "మొహం కడుక్కుని రా, అన్నం పెడతాను," అన్నారు.

మర్నాటి నుంచి మెచ్చుకున్నవాళ్ల కన్నా తిట్టినవాళ్లే ఎక్కువ. ఆమె ఆ ముక్కను తీసేసింది గానీ, అప్పటికే దాన్ని తమ ఛానెళ్లలో ఎక్కించుకున్న వాళ్లు నలభైమంది తేలారు. ఒక్కొక్కరికీ రాసింది. పదహారుమంది తీసేశారు. మిగిలిన చోట్ల అది ఇంకా మోగుతూనే ఉంది. ప్రోగ్రాం మరిది గదిలోకి మారింది, స్పాంజికి బదులు గోడకు పరుపు నిలబెట్టారు. వినేవాళ్లు మూడోవంతు తగ్గారు. ఉతుకుడు మాత్రం ఆగలేదు. కాకపోతే ఇప్పుడు పాట చేసినవాళ్లకు ముందుగా ఫోన్ చేసి మాట్లాడుతుంది. వాళ్లలో కొందరు ఆమెనే ఉతికేస్తారు, దాన్నీ వినిపిస్తుంది.

ఒక సోమవారం ఆసుపత్రికి సెలవు పెట్టి మాస్టారి బడికి వెళ్లింది. హెడ్మాస్టరు ఎదుట కూర్చుని ఆ రికార్డింగు మొత్తం వినిపించింది. ఆయన అంతా విని, "వచ్చే ఏడాది చూద్దాం," అన్నాడు. అంతకుమించి మాట ఇవ్వలేదు. ఆమె గట్టిగా అడగడానికి నోరు తెరిచి, తనకు ఆ హక్కు లేదనిపించి ఊరుకుంది.

బళ్లు తెరిచిన రెండో వారంలో మాస్టారి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. రిసెప్షన్ బల్ల వెనక, చుక్కలు వేయించుకుని కళ్లు మూసుకున్న పదిమంది ఎదుట నిలబడి చదువుకుంది.

"నలభైమంది పిల్లలు. సగం మందికి శ్రుతి లేదు. రేపట్నుంచి మొదలు."