అవతలివాళ్ళ సంతకం

మా తెలుగు టీచరమ్మ పోయిన ఆదివారం కన్నుమూశారు. హోసూరు నుంచి ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. గంట తిరక్కుండానే ఎవరితోనైనా గట్టిగా వాదించాలనిపించింది. ఆమె దగ్గర చదివినవాళ్ళకు ఈ జబ్బు తప్పదు.

ఆమెది హోసూరులో అంగళ్ళు నడుపుకునే కుటుంబం. తళి దగ్గర మా పల్లె బడికి రోజూ బస్సులో వచ్చేవారు. సీటు దొరికితే దారిలోనే మా వ్యాసాలు దిద్దేవారు. గతుకు వచ్చినచోటల్లా ఎర్రగీత వంకర పోయేది. "ఈ తప్పు నీది కాదు, రోడ్డుది" అనేవారు.

నేను ప్లస్ టూలో ఉండగా వ్యాసాల పోటీ పెట్టారు. విషయం, ఉన్నత విద్యలో సమస్యలు. మౌలిక వసతుల లేమి, పరిశోధనల కొరత అంటూ నాలుగు పేజీలు దంచి, ఎగురుకుంటూ తీసుకుపోయాను. టీచరమ్మ చదివి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు.

"కాలేజీ ఎప్పుడన్నా చూసినావామ్మా?"

"లేదు టీచర్."

"మళ్ళ ఈ సమస్యలన్నీ నీకు యాడ దొరికినాయి?"

గైడులో అని ఒప్పుకున్నాను. "సరే, నిన్ను కాలేజీకి వద్దంటున్నారంట, ఎవరు?" అని అడిగారు. మా నాయన. పన్నెండో తరగతితో చదువు చాలని ఆయన అప్పటికే తేల్చేశాడు. నాకేమో చదవాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

వాదనకు ఆమెదొక పద్ధతి. ముందు అవతలివాళ్ళ వాదన రాయాలి. వాళ్ళకే చదివి వినిపించాలి. 'అవును, నా మాట ఇదే' అని వాళ్ళు కింద సంతకం పెట్టాలి. అంతవరకు మన జవాబు ఒక్క వాక్యం కూడా రాయకూడదు. "సంతకం లేకుంటే అది వాదన కాదమ్మా, తిట్టు" అనేవారు.

నాయన గులాబీల గ్రీన్‌హౌస్‌లో ఉంటే కాగితం పట్టుకుని పోయాను. ఇంటి పనికి మనిషి కావాలి కాబట్టి వద్దంటున్నాడని రాశాను. "నేనెప్పుడు అట్ల చెప్పినాను?" అని కత్తెర ఆపకుండానే వెనక్కి పంపాడు. రెండోసారి, డిగ్రీ చదివినవాళ్ళు కూడా ఆయన దగ్గరే పూలు కోస్తున్నారని రాశాను. "ఇది నిజమే. అయినా నా కారణం ఇది కాదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. టీచరమ్మ మాత్రం సంబరపడిపోయారు.

"దగ్గరికి వచ్చినావు. ఇంగొకసారి పో. ఈసారి రాసుకొని పోవద్దు, అడుగు."

అడిగాను. నాయన పూలు కట్టలు కడుతూ చెప్పాడు.

"నేను కృష్ణగిరిలో కాలేజీకి చేరినాను పాపా. ఒక నెల పోయినాను. మన బడిలో అంతా తెలుగు. ఆడ అంతా ఇంగ్లీషు, పాఠం ఒక ముక్క ఎక్కలేదు. లేచి అడిగితే నవ్వినారు. సేద్యం చూసుకోవల్లని చెప్పి ఇంటికి వచ్చేసినాను. మీ అమ్మకు కూడా తెలీదు. నీకూ అట్లే అయితే?"

ఆయన చెప్పింది చెప్పినట్టే రాశాను. సంతకం పెట్టాడు. చేతి మట్టి కాగితానికి అంటింది.

మరునాడు టీచరమ్మ ఆ పేజీ రెండుసార్లు చదివారు. "సమస్య అంటే ఇది. దీనికి కాగితం మీద జవాబు రాస్తే మీ నాయన ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను" అన్నారు. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి నాయన ఎదురుగా కూర్చున్నారు.

"పాపకు అర్థం కాని పాఠం శనివారం శనివారం నేను తెలుగులో చెప్తాను. ఒక నెల చూద్దామప్పా. మీ మాటే నిజమయితే నేనే పిలుచుకొని వచ్చి ఇంట్లో వదిలిపెడతాను."

పోటీలో నాకు బహుమతి రాలేదు. ఆమె శనివారాలు మాత్రం మూడేళ్ళు సాగాయి. ఇప్పుడు నేనూ కాలేజీలోనే పాఠాలు చెబుతున్నాను. సమస్యలు తీరిపోయాయని అబద్ధం చెప్పను. అర్థం కాకున్నా తల ఊపే పిల్లలు ఏటా వస్తూనే ఉన్నారు. వాళ్ళను పట్టుకోవడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

నేను చదువుకోను కాలేజీలో చేరిన మొదటి రోజున నాయన, టీచరమ్మ ఇద్దరూ నాతో వచ్చారు. లెక్చరర్ ఇంగ్లీషులో ఎకనామిక్స్ మొదలుపెట్టాడు. సగం అర్థమైంది, సగం కాలేదు. కిటికీలోంచి బయటికి చూశాను. వరండాలో నాయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. పక్కన టీచరమ్మ, లోపలి పాఠాన్ని వాక్యం వాక్యం ఆయనకు మెల్లగా తెలుగులో చెబుతున్నారు. ఒకచోట నాయన చెయ్యెత్తి ఆమెను ఆపి, ఏదో సందేహం అడిగాడు.